అడిగినా చెప్పని స్కానింగ్ సెంటర్

మా చిన్నమ్మాయికి ఇది రెండో కాన్పు. పన్నెండో వారంలో, బిడ్డ మెడ వెనక నీటి పొరను కొలిచే ఎన్‌టీ స్కాన్‌కు ఒకసారి, పోయిన శనివారం ఇరవయ్యో వారం స్కాన్‌కు ఒకసారి ఈ సెంటర్‌కు వెళ్లాం. బెంగళూరు రామమూర్తి నగర్ మెయిన్ రోడ్డులో, మందుల షాపు పైన, మొదటి అంతస్తు. ఇరవయ్యో వారం స్కాన్‌ను మా వైపు టిఫా అంటారు, బెంగళూరులో అనామలీ స్కాన్ అంటారు. బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే స్కాన్ ఇది. రెండుసార్లూ నేను వెంట ఉన్నాను. మొదటిసారి వెళ్లొచ్చినప్పుడు రివ్యూ రాయాలని తోచలేదు. శనివారం జరిగింది చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

నాది హిందూపురం. గవర్నమెంటు స్కూల్లో తెలుగు టీచరుగా చేసి మూడేళ్ల కిందట రిటైరయ్యాను. మనవరాలిని స్కూలుకు పంపడానికీ, అమ్మాయికి తోడుగానూ ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాను. ఇది చదివేవాళ్లలో కడుపుతో ఉన్న అమ్మాయిలుంటారు, వాళ్ల అమ్మలూ అత్తలూ ఉంటారు. అందుకే కొంచెం పొడుగైనా పూర్తిగా రాస్తున్నాను.

ముందు అందరికీ పనికొచ్చే సంగతులు. అపాయింట్‌మెంట్ ఫోన్లో ఇచ్చారు. పదిన్నరకు రమ్మన్నారు, లోపలికి పిలిచేసరికి పన్నెండు కావొచ్చింది. లిఫ్టు లేదు. ఇరవై రెండు మెట్లు, మలుపు దగ్గర కాస్త ఇరుకు. హాల్లో స్టీలు కుర్చీలు. వాటి మీద గంటన్నర కూర్చోవడం నెలలు నిండిన వాళ్లకు నరకమే. బాత్రూమ్ ఒకటే, కానీ శుభ్రంగా ఉంది. ఎన్‌టీకి 1,800, టిఫాకు 2,800 తీసుకున్నారు. బిల్లు ఇచ్చారు, పైన ఒక్క రూపాయి ఎవరూ అడగలేదు. ఈ చివరి మాట ఊరికే రాయలేదు. మనవరాలు పుట్టినప్పుడు వేరే ఆసుపత్రిలో (పేరు ఇక్కడ అనవసరం) బిడ్డను తుడిచి తెచ్చిన ఆయమ్మ నా చేతికి అందిస్తూ, "బాబైతే రెండు వేలు ఇస్తారు మేడం, పాప కదా, వెయ్యి ఇవ్వండి చాలు" అంది. ఆ పిల్ల భూమ్మీద పడి పావుగంట కాలేదు, అప్పుడే సగం ధర కట్టారు. వెయ్యి ఇచ్చాను. ఇవ్వకుండా, ఆ మాట తప్పని ఆమెకు చెప్పి ఉండాల్సింది.

ఇక్కడ స్కాన్ చేసే డాక్టరమ్మది మంచి ఓపిక. మాట కన్నడం, మనతో వచ్చీరాని తెలుగు. బిడ్డ బోర్లా పడుకుని ఉండటంతో గుండె సరిగ్గా కనబడలేదు. ఇంకొకరైతే కనిపించినంత రాసి పంపేసేవాళ్లు. ఈవిడ మా అమ్మాయిని లేపి, ఏదైనా తిని పది నిమిషాలు అటూ ఇటూ నడిచి రమ్మంది. రెండోసారి చూస్తే గుండెలో నాలుగు గదులూ కనిపించాయి. తల, వెన్నెముక, కిడ్నీలు, పై పెదవి, మాయ ఎక్కడుంది, ఉమ్మనీరు ఎంతుంది, ఒక్కొక్కటీ చూస్తూ ఏది చూస్తోందో చెబుతూ పోయింది. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. అరగంటలో రిపోర్టు చేతికిచ్చి, కూర్చోబెట్టి వివరించింది. దేవుడి దయ వల్ల అంతా బాగుంది.

అసలు నేను రాయాలనుకున్నది ఇక్కడ మొదలవుతుంది.

స్కాన్‌కు ముందు ఫామ్ ఎఫ్ అని ఒక కాగితం నింపుతారు. గర్భిణికి స్కాన్ చేసే ప్రతిచోటా, ప్రతిసారీ ఇది నింపాల్సిందే. పేరు, వయసు, అడ్రసు, ఎవరు పంపారు, ఎందుకు పంపారు, ఎన్నో వారం. వీటితో పాటు బతికున్న పిల్లలెందరు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, ఎవరికెన్నేళ్లు అని కూడా ఉంటుంది. చాలా చోట్ల రిసెప్షన్‌లోనే గబగబా నింపి, "ఇక్కడ సైన్ చేయండి" అని వేలు పెట్టి చూపిస్తారు. ఇక్కడి అమ్మాయి అలా చేయలేదు. చివర్లో ఉన్న ప్రమాణాన్ని కన్నడంలో చదివి, మాకోసం తెలుగులో మళ్లీ చెప్పింది. నా కడుపులో ఉన్నది ఆడో మగో తెలుసుకోవాలని నాకు లేదు అని తల్లి రాసిచ్చే మాట అది. దాని కిందే డాక్టరు ప్రమాణం ఉంటుంది, నేను కనిపెట్టలేదు, ఎవరికీ ఏ విధంగానూ చెప్పలేదు అని. మా అమ్మాయి సంతకం పెట్టింది.

పుట్టకముందే ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే చట్టం కాపీ మీ దగ్గర ఉందా అని అడిగాను. అడిగినవాళ్లకు చూపించాలని రూలు ఉంది. ఉత్తినే పరీక్షించడానికి అడగలేదు, నిజంగా చదవాలనే అడిగాను. ఆ అమ్మాయి విసుక్కోకుండా డ్రాయర్లోంచి తీసి ఇచ్చింది.

ఇదంతా జరుగుతుండగా మా వియ్యపురాలు పక్కన కూర్చుని ఉంది. ధర్మవరం నుంచి రెండు రోజుల ముందే వచ్చింది. మంచి మనిషి. మా అమ్మాయిని ఏనాడూ ఒక మాట అనలేదు. మనవరాలంటే ప్రాణం. అమ్మాయిని లోపలికి పిలిచాక ఆమె లేచి, తలుపు దగ్గర నిలబడ్డ అటెండర్ అమ్మాయి దగ్గరికి వెళ్లింది. నేను రెండు కుర్చీల అవతలే ఉన్నాను, అంతా వినిపించింది.

"మా కోడలికి మొదటిది పాప తల్లీ. నువ్వు నోరు తెరిచి చెప్పక్కర్లేదు. తలూపితే చాలు."

చేతి రుమాల్లో మడిచిన నోట్లున్నాయి. అటెండర్ అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. "మేడంకి చెప్తాను ఆంటీ" అని లోపలికి వెళ్లింది. నాకు ఒళ్లంతా చెమట పట్టింది. ఇప్పుడు హాల్లో అందరి ముందూ గొడవవుతుంది, మా అమ్మాయి పరువు పోతుంది అనుకున్నాను.

గొడవ కాలేదు. స్కాన్ అయ్యాక డాక్టరమ్మ మా ముగ్గురినీ తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. ముందు రిపోర్టు గురించి చెప్పింది. తర్వాత ఫామ్ తీసి వియ్యపురాలి ముందు పెట్టింది.

"అమ్మా, ఇది మీ కోడలి సంతకం. ఇది నాది. మీరు డబ్బిచ్చి అడిగింది ఏమిటంటే, నా సంతకాన్ని అబద్ధం చెయ్యమని. నేను చెయ్యను. మా పిల్లలు కూడా చెయ్యరు."

గొంతు పెంచలేదు. అడిగినవాళ్లకు కూడా మూడేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా ఉందని చెప్పింది. తనకైతే కేసు కోర్టులో నడుస్తుండగానే డాక్టరుగా పనిచేసే అర్హత ఆగిపోతుందని చెప్పింది. "ఇలాంటి కేసులో కడుపుతో ఉన్న అమ్మాయిని తప్పుపట్టరమ్మా. భర్తో అత్తింటివాళ్లో బలవంతం చేశారనే చట్టం ముందుగా అనుకుంటుంది" అంది. వియ్యపురాలి ముఖం పాలిపోయింది. అది చూసి డాక్టరమ్మ మంచినీళ్లు తెప్పించింది. రిపోర్టులో బిడ్డ పాదం ఫొటో ఒకటుంది, ఐదు వేళ్లూ స్పష్టంగా కనిపిస్తాయి. దాన్ని ఆమె వైపు తిప్పి, "చూడండి, నడవడానికి రెడీగా ఉంది" అని నవ్వింది. మా అమ్మాయికి జరిగింది అప్పుడే అర్థమైంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఫైలు తీసుకుని బాత్రూమ్ వైపు వెళ్లిపోయింది.

హాల్లో ఒక మూల బెంచీ ఉంది. వియ్యపురాలు అక్కడ కూలబడి ఏడ్చింది. "నేనేదో చేసేద్దామని కాదు వదినా. ఊరికే తెలుసుకుందామని."

ఊరికే తెలుసుకుందామని. ఈ మాట నేను ఇంతకు ముందు ఒకసారి విన్నాను. ముప్పై ఏళ్లు దాటింది. ఎవరితోనూ చెప్పని సంగతి ఆ బెంచీ మీద ఆమెతో చెప్పాను. ఇప్పుడు ఇక్కడా రాస్తున్నాను.

1993. నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి ఐదేళ్లు. చిన్నదానికి, అంటే ఈ శనివారం లోపల స్కాన్ బల్ల మీద పడుకున్న అమ్మాయికి, రెండేళ్లు. మూడోసారి నెల తప్పింది. ఎవరూ వద్దనలేదు. నాకు సంతోషంగానే ఉండింది. కొడుకు కావాలని నాకూ ఉండేది, అది దాచను. కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను కూడా. మా అత్తగారు చెడ్డది కాదు, నా పిల్లలిద్దరికీ నలుగు పెట్టి నీళ్లు పోసి పెంచింది ఆవిడే. ఐదో నెల రాగానే, టౌనులో స్కానింగ్ మిషన్ వచ్చిందట, ఊరికే తెలుసుకుందాం అన్నారు.

అప్పటికి మాకు ఈ చట్టం లేదు. మహారాష్ట్ర 1988లో ముందుగా ఒక చట్టం చేసుకుంది. దేశమంతటికీ 1994లో చేశారు, అమల్లోకి వచ్చింది 1996 జనవరి 1న. అంతకు ముందు ఉత్తరాది నగరాల్లో ఇప్పుడు ఐదొందలు పెట్టండి, తర్వాత కట్నం కింద యాభై వేలు మిగుల్చుకోండి అన్నట్టు ప్రకటనలే ఇచ్చేవారట. మా టౌనులో అలాంటి బోర్డులు నేను చూడలేదు. బోర్డు అక్కర్లేదు కూడా, అందరికీ తెలుసు. ఆ డాక్టరు ఏమీ దాచలేదు. నేను బల్ల మీద ఉండగానే, తెర అవతల నిలబడ్డ మా ఆయనతో "పాపే" అన్నాడు.

పాప కాదు, పాపే. జీవితమంతా తెలుగు చెప్పినదాన్ని. ఆ చివరి ఏత్వంలో ఏముందో నాకు తెలుసు. మళ్లీ, ఇదీ, పాపం, ఏం చేస్తాం, అన్నీ ఆ ఒక్క అచ్చులో ఉన్నాయి.

ఇంటికొచ్చాక అత్తగారు ఏమీ అనలేదు. అన్నం పెట్టింది. మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి "నీ ఇష్టం" అన్నాడు. నన్ను ఎవరూ కొట్టలేదు, కట్టేసి తీసుకెళ్లలేదు. అందరూ నా ఇష్టానికే వదిలేశారు, నా ఇష్టం ఏమై ఉండాలో మాత్రం ఇల్లంతా ఎదురుచూస్తోంది. నేను అలసిపోయి ఉన్నాను. సరే అన్నాను. కాగితం మీద కారణం "గర్భనిరోధక సాధనం పనిచేయలేదు" అని రాశారు. అప్పటి అబార్షన్ చట్టంలో పెళ్లయిన ఆడదానికి ఆ కారణం చెల్లేది. నేను ఏ సాధనమూ వాడలేదు. ఆ అబద్ధం కింద సంతకం నేనే పెట్టాను, గుండ్రటి అక్షరాలతో.

స్కూల్లో జ్వరమని లీవు పెట్టాను. పది రోజుల తర్వాత వెళ్లి ఏడో తరగతికి సంధులు చెప్పాను. ఆ తర్వాత ఆపరేషన్ చేయించుకున్నాను. ఇంట్లో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పటి డాక్టర్లు ఫైలు మీద ఒక లెక్క రాస్తారు. మా అమ్మాయి ఫైలు మీద జీ2 పీ1 ఎల్1 అని ఉంది. రెండోసారి గర్భం, ఒక కాన్పు, ఒక బిడ్డ బతికి ఉంది అని. ఎన్‌టీ స్కాన్‌కు వచ్చినప్పుడు అదేమిటని అడిగి తెలుసుకున్నాను. అబార్షన్ అయి ఉంటే చివర ఏ అని రాస్తారట. నా రోజుల్లో నాకు అలాంటి ఫైలు లేదు. ఉంటే జీ3 పీ2 ఎల్2 ఏ1 అని ఉండేది. అప్పటి నుంచి ఆ అక్షరాలు కళ్ల ముందు తిరుగుతూనే ఉన్నాయి.

వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుని విన్నది. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే. "మరి అన్నయ్యగారికి తలకొరివి ఎవరు పెట్టారు వదినా?"

ఆమె కుత్సితంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. మన వైపు కొడుకు గురించిన భయమంతా చివరికి అక్కడికే వస్తుంది. చెప్పాను. మా ఆయన 2019లో పోయారు. తలకొరివి మా మరిది కొడుకు పెట్టాడు. అతను హైదరాబాదు నుంచి వచ్చి, మూడో రోజు వెళ్లిపోయాడు. అతన్ని తప్పుపట్టడం లేదు, తన వంతు చేశాడు. అంతకు ముందు ఏడాదిన్నర పాటు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు మా ఆయన్ను తీసుకెళ్లింది చిన్నమ్మాయి. ఆఫీసు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆ హాల్లో నాలుగేసి గంటలు కూర్చునేది. పోయే ముందు ఒకరోజు ఆయన నాతో "మూడోది ఉంటే దీనికి కాస్త తోడుగా ఉండేది" అన్నారు. ఇరవై ఐదేళ్లలో ఆ బిడ్డ గురించి ఆయన మాట్లాడింది అదొక్కసారే. ఆయనా మరిచిపోలేదన్నమాట.

ఆదివారం మా అల్లుడు నాతో మాట్లాడాడు. వాళ్లమ్మ చేసిన పనికి సిగ్గుపడ్డాడు, కానీ అతనికీ ఒక సందేహం ఉంది. "అత్తయ్యా, అమెరికాలో మా అక్కకు మూడో నెలలోనే రక్తపరీక్షతో చెప్పేశారు. కేకు కోసి పండగ చేసుకున్నారు. మేమైతే ఏదీ చేయం కదా, మాకెందుకు చెప్పకూడదు? పైగా అబార్షన్ ఆడవాళ్ల హక్కు అంటారు. కారణం ఏదైతే ఏం?"

ఇది తేలిగ్గా కొట్టేసే ప్రశ్న కాదు. రాత్రంతా ఆలోచించాను. ఆ రక్తపరీక్ష ఇక్కడా ఉంది. డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉన్నాయేమో చూడటానికి చేస్తారు, ఆడో మగో మాత్రం ఇక్కడి రిపోర్టులో రాయరు. అబార్షన్ హక్కు విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను. బిడ్డను మోయలేని ఆడది, బలాత్కారానికి గురైన పిల్ల, వీళ్లకు ఆ దారి ఉండాల్సిందే. 1971 చట్టాన్ని 2021లో సవరించి గడువు పెంచినప్పుడు నేను సంతోషించాను. నాకు గర్భం వద్దు అనడం ఆమె హక్కు. నాకు మాత్రం ఆ బిడ్డ వద్దనే లేదు. కావాలనుకున్న బిడ్డే, మొక్కుకుని మోసిన బిడ్డే. "పాపే" అన్న మాట చెవిన పడేదాకా కావాల్సిన బిడ్డే. అల్లుడికి ఇదే చెప్పాను. మేమేదీ చేయం అని నువ్వు అంటున్నావు, నేను నమ్ముతాను. ఆ స్కాన్‌కు ముందు రోజు మా ఆయన్ను అడిగి ఉంటే ఆయనా అదే అనేవారు. తెలిశాక ఇంట్లో ఎవరు ఏ మాట అంటారో, ఎవరు రెండు రోజులు మాట్లాడటం మానేస్తారో ముందుగా ఎవరికీ తెలియదు. దాన్ని భరించాల్సింది మా అమ్మాయి.

అతను చాలాసేపు ఆలోచించి, మండ్య కేసు గురించి చదివానన్నాడు. 2023లో ఇక్కడికి దగ్గర్లోని బైయప్పనహళ్లి పోలీసులు బయటపెట్టిన కేసు అది. మండ్య వైపు ఒక ఆలెమనెలో, అంటే బెల్లం వండే చోట, స్కానింగ్ మిషన్ పెట్టి ఆడో మగో చెప్పేవారు. ఆడపిల్లయితే మైసూరులో తీసేసేవారు. మూడేళ్లలో దాదాపు 900 అబార్షన్లు చేసి ఉంటారని పోలీసులు అప్పట్లో చెప్పారు. చదువుకోని వాళ్లే ఇలా చేస్తారనుకోకండి, ఆ కేసులో డాక్టర్లనే అరెస్టు చేశారు. రహస్యంగా చెప్పడానికి లడ్డూ, జిలేబీ లాంటి గుర్తులు, ఇంకు రంగులు వాడిన సెంటర్ల గురించి ఇంతకు ముందు కూడా పేపర్లలో వచ్చింది. మా వియ్యపురాలు తలూపితే చాలు అన్నది అలాంటి గుర్తు కోసమే. చట్టం మాటతో పాటు సైగను కూడా ఎందుకు నిషేధించిందో నాకు ఆ రోజు కళ్లారా తెలిసింది.

టీచర్లం కాబట్టి జనాభా లెక్కలు మా చేతే రాయిస్తారు. 2011 ఫిబ్రవరిలో హిందూపురంలో కొన్ని వీధులు నాకిచ్చారు. ఒక వీధిలో ఆరేళ్లలోపు పిల్లలు పద్దెనిమిది మంది, అందులో ఆడపిల్లలు ఏడుగురు. ఒక వీధిని బట్టి ఏదీ తేల్చలేం, అది తెలుసు. అయినా ఆ కాలమ్ నింపుతుంటే పెన్ను ఆగిపోయింది. ప్రకృతి లెక్కలో వంద మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు, అంటే వెయ్యి మంది మగపిల్లలకు 950 మందికి పైగానే ఆడపిల్లలుండాలి. ఆ లెక్కలు బయటికొచ్చాక చూస్తే ఆరేళ్లలోపు పిల్లల్లో దేశం మొత్తం మీద వెయ్యికి 919. పదేళ్ల ముందు 927, అంతకు పదేళ్ల ముందు 945. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 961 నుంచి 939కి పడిపోయింది. ఆడపిల్లను పెంచడం పక్కింటి చెట్టుకు నీళ్లు పోయడం లాంటిదని వింటూ పెరిగినవాళ్లం కదా. నేను తిరిగిన ఆ ఇళ్లలో ఏ ఒక్క ఇల్లాలూ నేను ఫలానా చేశానని నాతో చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. తలుపు అవతల వాళ్లు, ఇవతల నేను, చేతిలో ఫారం.

ఇక సెంటర్‌కు నా విన్నపాలు. హాల్లో బోర్డు ఇంగ్లీషులో, కన్నడంలో ఉంది, "ఇల్లి భ్రూణ లింగ పత్తె మాడలాగువుదిల్ల" అని, అంటే కడుపులో బిడ్డ ఆడో మగో ఇక్కడ చూడరు అని. రూలు ప్రకారం అది చాలు. కానీ ఈ ఏరియాలో సగం మంది తెలుగు, తమిళం, హిందీ వాళ్లు. నేను హిందూపురం మనిషిని, కన్నడం చదవగలను. మా వియ్యపురాలు చదవలేదు. పక్కనే ఇంకో మూడు భాషల్లో ఒక కాగితం అంటిస్తే ఎంత ఖర్చవుతుంది?

రెండోది గోడ మీది బొమ్మలు. హాల్లో ముద్దొచ్చే బిడ్డల ఫొటోలు నాలుగున్నాయి, నెమలి పింఛం పెట్టిన చిన్ని కృష్ణుడితో కలిపి. నాలుగూ మగపిల్లలే. కావాలని పెట్టి ఉండరు, క్యాలెండర్ల కంపెనీలు ఇచ్చినవే అయి ఉంటాయి. అయినా అంత నిక్కచ్చిగా నోరు మూసుకున్న చోట గోడలు మాట్లాడుతున్నాయి. రిసెప్షన్ అమ్మాయికి ఈ మాట చెబితే వెనక్కి తిరిగి గోడ వంక చూసింది. "నేను రోజూ చూస్తాను మేడం, ఎప్పుడూ గమనించలేదు" అంది.

కుర్చీలు మార్చండి. అపాయింట్‌మెంట్ల మధ్య కాస్త టైమ్ పెట్టండి. ఆ అటెండర్ అమ్మాయికి జీతం పెంచండి, ఈ ఊళ్లో ఆ రుమాల్లోని డబ్బు ఆమెకు చిన్న మొత్తం కాదు, అయినా చేతులు వెనక్కి పెట్టుకుంది. కుర్చీలకూ ఆలస్యానికీ ఒక స్టార్ తగ్గించి నాలుగు ఇస్తున్నాను. డాక్టరమ్మకు, ఆ ఇద్దరు అమ్మాయిలకు విడిగా ఇచ్చే వీలుంటే పూర్తిగా ఐదు ఇచ్చేదాన్ని. 1993లో ఆ స్కాన్ గది తలుపు దగ్గర ఇలాంటి పిల్ల ఒకతె నిలబడి ఉంటే చాలు, నాకు.

ఇది రాసే ముందు మా అమ్మాయితో చెప్పాను. ఆ బెంచీ దగ్గర నేను ఏం మాట్లాడానో ఆమె వినలేదు కాబట్టి మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. చాలాసేపు మౌనంగా ఉండి, "అంటే నాకొక చెల్లి" అంది. తర్వాత, ఇది రాయమ్మా, నా పేరు మాత్రం పెట్టకు అంది.

వియ్యపురాలు సోమవారం పొద్దున ధర్మవరం బస్సెక్కింది. వెళ్లే ముందు రిపోర్టులోని ఆ పాదం ఫొటోను తన ఫోన్లో తీసి పెట్టమని మనవరాలిని అడిగింది. ముప్పై రెండో వారం స్కాన్‌కు మళ్లీ ఇక్కడే అపాయింట్‌మెంట్ తీసుకున్నాం, పొద్దున తొమ్మిదింటికి, మొదటి నంబరు.